సుగుణమ్మ గారి మౌనం మీద నేను రాసిన రెండు చీటీలు

యాంప్లిఫయర్ వచ్చిందన్న కబురు నాకు మొదట చెప్పినవాడు మా రికార్డిస్టు ఇక్బాల్. అప్పటికి నేను బేగంపేటలోని ఒక శ్రవణ పుస్తకాల కార్యాలయంలో సీనియర్ పరిశీలకురాలిని. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళ పైచిలుకు ఉంది. ఆషాఢ మాసం, బోనాల వారం. రెజిమెంటల్ బజార్‌లో మా ఇంటి ముందు నుంచి డప్పుల మోత చెవుల్లో నింపుకుని ఆఫీసుకు వెళ్ళేసరికి, ఇక్బాల్ అగ్గిపెట్టెకు రెండింతలున్న నల్లటి డబ్బా ఒకటి అరచేతిలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. “అమ్మా, మీ చెవులకు సర్కారు నౌకరీ దొరికినట్టే ఇగ. గిది పెట్టుకుంటే గోడ అవతలి బల్లి గుసగుసలు సుత ఇనొస్తయ్” అన్నాడు.

మా పని గురించి కొంచెం చెప్పాలి. చూపు లేనివారి కోసం, చూపు తగ్గిన పెద్దల కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేస్తాం. చదివేవారిని పఠితలంటాం. వారి పేర్లున్న జాబితా ప్యానెల్. పఠిత చదివినదాన్ని రికార్డిస్టు సర్ది పంపిస్తే, అచ్చు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్షరం అక్షరం వినడం పరిశీలకురాలి విధి. తప్పు కనబడితే చీటీ రాయాలి: పుట, పంక్తి, దోషం. మాట మింగారా, గుటక వేశారా, పుట తిప్పిన చప్పుడు పడిందా, ఇవన్నీ అతుకు దోషాలు. ఆ వాక్యం మళ్ళీ చదివించి అతికితే సరిపోతుంది. నేపథ్య రొద అలా కాదు. అది అధ్యాయమంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి అధ్యాయం మొత్తం తిరస్కరించాలి. ఒకే పఠితకు వరసగా మూడు చీటీల్లో నేపథ్య రొద వస్తే పేరు ప్యానెల్ నుంచి తీసేస్తారు. తీసేసిన పేరు మళ్ళీ చేర్చుకోరు. అది నియమం.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన పద్యం చదువుతూ కావాలని ఎక్కడో ఒక అక్షరం తప్పు చదివేవారు, నేను నేల మీద వేలితో తట్టాలి. తట్టకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆ తట్టడమే నాకు జీతమిచ్చే విద్య అవుతుందని ఇద్దరిలో ఎవరికీ తెలియదు. భగవంతుడు ఎవరికి ఏది అన్నంగా రాస్తాడో చెప్పలేం. నాకు తప్పులు రాశాడు, ఆయనకు రోజూ నమస్కారం పెట్టుకుంటాను.

డబ్బా సంగతికి వస్తాను. అంతకు ముందు కంప్యూటర్ ముందు కూర్చుని పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినేవాళ్ళం. ఆ ఏడాది పరిశీలకులందరికీ ఫోన్‌లోనే రికార్డులు పంపడం మొదలుపెట్టారు. ఫోన్‌కు అంత శక్తి చాలదని ఈ చిన్న యాంప్లిఫయర్, దానితోపాటు చెవిలోపలికి దూరి కూర్చునే మానిటర్లు ఇచ్చారు. మానిటర్లంటే పాటగాళ్ళు వేదిక మీద పెట్టుకుంటారే, అవి. శనగగింజంత ఉంటాయి. చెవిలో పెట్టుకుని తీగను చెవి వెనక నుంచి తిప్పుకోవాలి. డబ్బాను ఫోన్ వెనక రబ్బరు బ్యాండుతో కట్టుకోవాలి.

ఇక్బాల్ తీగలు తగిలించి చూపించి, మిగతావి వచ్చాక చెప్తానని, చెల్లెలి పెళ్ళి పనుల మీద నిజామాబాద్ వెళ్ళిపోయాడు. డబ్బా పక్కన గోరంత మీట ఒకటి ఉంది. కిందికి తక్కువ, పైకి ఎక్కువ. ప్రసాదం దగ్గర తప్ప ఎక్కడా ఎక్కువ కోరుకోని మనిషిని, ఆ రోజు పైకి నెట్టాను. చూపు లేనివారి తరఫున వింటున్నాను కదా, ఎంత ఎక్కువ వింటే అంత ధర్మమనుకున్నాను.

ఆ తరువాతి మూడు వారాలు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వంటల పుస్తకం చదువుతున్న ఒకావిడ పదకొండో పుట దగ్గర మట్టిగాజులు మార్చి బంగారు గాజులు వేసుకున్నట్టు తెలిసిపోయింది. వేదాంత గ్రంథం చదివే పెద్దాయన కడుపు, ఉపవాస మహిమ చెప్పే అధ్యాయంలోనే, ఆకలితో మూలిగింది. ఇంకొకరు ముక్కు మీద కళ్ళజోడు సవరించుకోవడం వినపడింది. ఇవన్నీ చీటీలో రాస్తే ఆ గాజులావిడ ఫోన్ చేసి, “మేడం, మీరు చెవులతోటి చూస్తున్నరా ఏంది, ఇగ నేను సదివేటప్పుడు మంచి చీరనే కట్టుకుంట” అంది. ఇంట్లో పూజ దగ్గర కూడా చెవిలోంచి తీయబుద్ధి కాలేదు. స్తోత్రం పెట్టుకుంటే పాడిన ఆయన పెదవి తడుపుకోవడం విని, ఎంత దగ్గరగా కూర్చున్నావయ్యా మహానుభావా అని చేతులు జోడించాను. మెట్రో స్టేషన్‌లో సంచి తనిఖీ చేసే అమ్మాయి రబ్బరు బ్యాండు కట్టిన ఆ జంటను చూసి రోజూ ఆపేది. నాలుగో రోజు ఆ పిల్ల చెవిలో ఒక శనగగింజ పెట్టి అర నిమిషం వినిపించాను. ఆ మర్నాటి నుంచి, “అమ్మా, ఇయ్యాల కతల ఏమైంది” అని అడిగి పంపించేది.

అన్నీ బాగున్నాయి, సుగుణమ్మ గారి రికార్డులు తప్ప.

సుగుణమ్మ గారు సీతాఫల్‌మండిలో ఉంటారు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఇంటి గదిలో బొంతలు వేలాడదీసి, మేమిచ్చిన రికార్డరులో చదివి పంపేవారు. మా ప్యానెల్‌లో ఆవిడ పద్ధతి వేరు. వాక్యం అయ్యాక ఒక ఊపిరి పట్టేంత ఖాళీ వదిలేవారు. చూడలేనివాళ్ళకు ఆ మాట మనసులో దిగడానికి జాగా కావాలని ఆవిడ నమ్మకం. మిగతావాళ్ళు గబగబా చదివేస్తారు. ఆ ఖాళీలోనే నాకు సన్నగా, సాంబ్రాణి మీద నీళ్ళు చిలకరించినట్టు, ‘స్’ మని రొద వినిపించింది. మిగతా ఎవరిలోనూ లేదు. చీటీ రాశాను: నేపథ్య రొద, ఫ్యాను కావచ్చు. ఆవిడ అధ్యాయం మళ్ళీ చదివి పంపారు. మళ్ళీ అదే రొద. రెండో చీటీ: ఫ్రిజ్ కావచ్చు. ఆవిడ చదువుతున్నది నాలుగు వందల పుటల నవల, మూడు వంతులు పూర్తయింది. మూడో చీటీ పడితే పేరు పోతుంది. నవల ఇంకొకరి గొంతుతో మొదటి నుంచి చదివించాలి.

మూడో చీటీకి ముందు గది పరిశీలన చేయాలి. అంటే పరిశీలకురాలు స్వయంగా వెళ్ళి, ఆ గదిలో ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేయించి, అక్కడే విని, కారణం రాయాలి. ఆదివారం ఉదయం వెళ్ళాను.

ఇంట్లోకి అడుగు పెడితే కొలిమిలోకి వెళ్ళినట్టుంది. సుగుణమ్మ గారి భర్త రాములు గారు బనియనుతో, తడి తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నారు. “రండి మేడం. మూడు వారాల సంది ఈ ఇంట్ల గాలి సుత పర్మిషన్ అడుక్కోని వస్తున్నది” అన్నారు. ఫ్యాను బందు. ఫ్రిజ్ బందు, పెరుగు పులిసి ఇల్లంతా వాసన. గోడ గడియారంలో బ్యాటరీ తీసి కిటికీలో పెట్టారు. పై వాటావాళ్ళు నీళ్ళ మోటరు వేయబోతే సుగుణమ్మ గారు మెట్ల దగ్గర నుంచి, “జెర ఆగుండ్రి, పరీక్ష నడుస్తున్నది” అని అరిచారు. “ఎవరికక్కా పరీక్ష” అని పైనుంచి. “నాకే, ఈ వయసుల” అని కింది నుంచి. రాములు గారు గొంతు సవరించుకోబోతే ఆవిడ కళ్ళతోనే ఆపేశారు.

ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేశారు. నేను రికార్డరుకు డబ్బా తగిలించి, ఒక చెవిలో మానిటర్ పెట్టుకుని, మాట్లాడడానికి రెండో చెవి వదిలి, కళ్ళు మూసుకున్నాను. ఉంది. అదే రొద. వేలు పైకెత్తాను.

“వస్తున్నదా మేడం” అని అడిగారు సుగుణమ్మ గారు.

వస్తోందన్నాను. మధ్యలో చిటుక్కుమని ఒక చప్పుడు కూడా అయింది. మనసులోనే చీటీ మీద అదీ రాసుకున్నాను.

“ఇప్పుడో?”

వస్తూనే ఉందండీ అన్నాను.

“గట్లనా. జెర కండ్లు తెరువుండ్రి.”

తెరిచాను. రికార్డరు నుంచి పీకిన తీగ కొస ఆవిడ చేతిలో వేలాడుతోంది. నేను రాసుకున్న చిటుకు అదే. నా డబ్బాకు ఏ రికార్డరూ తగిలించి లేదు. రొద మాత్రం నా చెవిలో ఇంకా వస్తోంది.

“అయితే రొద మా ఇంట్ల లేదు, మేడం గారి పెట్టెల ఉన్నది” అన్నారు రాములు గారు. ఆయన నవ్వు ముందు బొంతల వెనక నుంచి వచ్చి, తరువాత అందరికీ పాకింది. నాకూ ఆగలేదు. కూర్చున్న కుర్చీ కిర్రుమని ఊగేదాకా నవ్వాను. మూడు వారాలు ఆ ఇంట్లో పెరుగు పులియబెట్టింది నేను.

నవ్వుతూనే సుగుణమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. “నేనైతే నా గొంతుల్నే ఏదో చెడిందనుకున్న. ఊపిరి తీస్తే గిట్ల సప్పుడు ఎందుకొస్తదని డాక్టర్ తాన సుత పోయొచ్చిన” అన్నారు. అప్పుడు ఆగింది నా నవ్వు.

ఇక్బాల్‌కు ఫోన్ చేశాను. పెళ్ళింట్లో ఎవరో మైకు పరీక్షిస్తున్నారు. విషయం చెప్తే, మీట పైకి ఉందా కిందికా అని అడిగాడు. పైకే అన్నాను. “అమ్మా, పైకి పెట్టేది పెద్ద హెడ్‌ఫోన్లకు. వాటిని కదిలియ్యాలంటే బలం గావాలె. మీ చెవుల్ల పెట్టినవి మస్తు నాజూకు. వాటికి గంత జోరు పెడితే డబ్బా దాని ఊపిరి అదే ఇనిపిస్తది. కిందికి అనుండ్రి. పరేషాన్ గాకుండ్రి, తప్పు నాదే, చెప్పకుండ వచ్చిన” అన్నాడు.

గోరుతో కిందికి అన్నాను. తీగ మళ్ళీ తగిలించి ఆ నిమిషం మళ్ళీ విన్నాను. ఏమీ లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత శుభ్రమైన ఖాళీ నేను విన్నట్టు గుర్తు లేదు. ఆ వెంటనే తిరస్కరించిన అధ్యాయం పెట్టుకున్నాను. ఆవిడ వాక్యం ముగించి ఆగినప్పుడు ఆ వాక్యం నాలోకి దిగడం తెలిసింది. కళ్ళు మూసుకునే విన్నాను, ఈసారి వేలు ఎత్తలేదు. తల్లీ, నీ దయ అనుకున్నాను.

“అయితే ఫ్యాన్ ఏసుకోవచ్చునా మేడం” అని అడిగారు రాములు గారు.

అసలు కష్టం సోమవారం ఆఫీసులో వచ్చింది. మా పర్యవేక్షకులు శేషగిరిరావు గారు కాకినాడ మనిషి, నియమం తప్పని మంచి ఉద్యోగి. మూడో చీటీ రాయను, మొదటి రెండూ రద్దు చేయాలన్నాను. ఆయన చేతులు కట్టుకుని, “రాసిన చీటీకి రద్దనేది మన దగ్గర లేదండీ వర్ధనమ్మ గారూ. మూడోది రాయకుండా వదిలేయండి, ఆవిడ పేరు ఉంటుంది, సరిపోద్ది కదా” అన్నారు. సరిపోదన్నాను. రెండు చీటీలు దస్త్రంలో ఉండగా, రేపు నిజంగానే ఏ ఫ్యాను రొదో పడితే అది మూడోదవుతుంది. ఆవిడ జీవితాంతం ఆ రెండింటి మీద కూర్చుని చదవాలి. ఆయన ఆలోచించి, చీటీ మీదే పరిశీలకురాలు దోషం తనదని రాసి సంతకం చేస్తే చెల్లుతుందనీ, కానీ ఆ నకలు నా సర్వీసు పుస్తకంలోకి వెళ్తుందనీ చెప్పారు. “ఇన్నేళ్ళు ఒక్క మచ్చ లేదు కదండీ, రిటైరయ్యే ముందు ఎందుకూ” అని కూడా అన్నారు, నా మేలు కోరే.

రెండు చీటీల మీదా ఎర్ర సిరాతో రాశాను: ‘రొద పరిశీలన పరికరానిది. పఠితది కాదు. మీట తప్పుగా పెట్టినది నేను.’ సంతకం చేశాను. నాన్నగారు తప్పు చదివినప్పుడు నేను తట్టినట్టే, ఇప్పుడు నన్ను నేను తట్టుకున్నాననిపించింది. ఆ మధ్యాహ్నమే సుగుణమ్మ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ సరే అని, పెట్టేసే ముందు, “చెల్లె, మిగిలిన అధ్యాయాలు గూడ నువ్వే ఇనాలె, ఇంకొకరికి ఇయ్యకు” అన్నారు. అంతవరకూ నేను ఆవిడకు మేడంనే.

ఆ తరువాత శేషగిరిరావు గారు పరిశీలకులందరికీ ఒక ఉత్తర్వు పంపారు: రోజూ పని ప్రారంభించే ముందు, డబ్బాకు ఏదీ తగిలించకుండా ఒక నిమిషం వినాలి. వినిపించినదంతా మన సొంత సరుకు. దాన్ని ఎవరి ఖాతాలోనూ రాయకూడదు. నేను విరమించే రోజు వరకూ అది తప్పకుండా చేశాను. డబ్బా ఛార్జింగు పెట్టడం మరిచిన రోజులున్నాయి గానీ ఆ నిమిషం మరిచిన రోజు లేదు.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఒక్కటే. పరికరం బలం పెరిగినకొద్దీ అది చెప్పేదాంట్లో దాని సొంత మాట ఎంత ఉందో ముందు తేల్చుకోవాలి. తేల్చుకోకుండా రాసిన చీటీ ఎంత శ్రద్ధగా రాసినా తప్పుడు చీటీయే.

చదువరులను ఒకటి కోరుతున్నాను. శ్రవణ పుస్తకం మొదలయ్యేటప్పుడు చదివినవారి పేరు చెప్తారు. చాలామంది దాన్ని దాటవేసి కథలోకి వెళ్ళిపోతారు. ఎప్పుడైనా ‘చదివినది సుగుణమ్మ, సీతాఫల్‌మండి’ అని వినిపిస్తే దాటవేయకండి. ఆ పేరు తరువాత ఆవిడ కాస్త ఆగుతారు. అంతసేపు ఆవిడను తలచుకోండి.