పులి వేషాల హాజరు

పాన్‌గల్ దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊరి బడిలో మెహబూబీ ఏళ్ల తరబడి మధ్యాహ్నం అన్నం వండుతోంది. వంటతో పాటు పిల్లల్ని పోగుచేసే పని కూడా ఆమె నెత్తినే పడింది. చేయమని ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల పనులు సగం అలా చెప్పకుండా వచ్చి పడేవే.

సర్కారుకు ఒక లెక్క ఉంది. తలలు పది దాటితే ఇద్దరు టీచర్లు, లేకుంటే ఒక్కరే. గ్రాంటూ తలలను బట్టే. పట్నం బడులకు తలల కొదవేముంది? ఈ ఊరి తలలు సగం హైదరాబాదులో ఇటుకలు మోస్తుంటాయి, వాటి వెంట పోయిన చిన్న తలలు కంకర కుప్పల మీద ఆడుకుంటుంటాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఈ ఊరికి అలాంటి మనవాడు ఎన్నడూ దొరకలేదు.

మెహబూబీ కూతురూ అల్లుడూ ఆ వలసలోనే ఉన్నారు. వాళ్ల బిడ్డ ఉజ్మా, నానీ అని పిలుచుకునే ఈ అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. మూడో తరగతికి వచ్చినా నోరు విప్పని ఆ పిల్ల చేత కథల పుస్తకం చదివించినవాడు రెండో టీచరు శ్రవణ్ కుమార్. ఆయన పోతే హెప్సిబా టీచరు ఒక్కతే ఐదు తరగతులు చూడాలి. ఇక ఉజ్మాను పట్టించుకునే తీరిక ఎవరికి? అందుకే మెహబూబీ ఎండాకాలమంతా వలసపోయే ఇళ్ల గడపలెక్కి బతిమాలింది.

"మీరు పోండ్రి. పిల్లగాండ్లను నా కాడ ఇడ్సిపెట్టుండ్రి. నేను తినేదే పెడ్త."

ఎట్లాగో లెక్క సరిపోయింది. ఆమె నడుము మాత్రం పడిపోయింది.

అంతలో పీర్ల పండుగ వచ్చింది. మొక్కున్న పిల్లలకు పులి వేషం వేయడం ఆ ఊళ్లో అన్ని ఇళ్ల ఆచారం. తల్లిదండ్రులు దూరాన ఉన్నారు కనుక ఆ మొక్కులు కూడా మెహబూబీయే తీర్చింది. ఒళ్లంతా పచ్చటి నూనె రంగు, దాని మీద నల్ల చారలు. తనకూ పూస్తే గానీ అన్నం తిననని ఉజ్మా మొండికేసింది.

"ఆడపిల్లకు పులి వేషమేందే?" అని పక్కింటి బాలనాగమ్మ నవ్వింది. తల్లి దగ్గర లేని పిల్లను కాదనడానికి మెహబూబీకి మనసొప్పలేదు.

మర్నాడు బడి. ఆ రంగు కిరోసిన్ లేనిదే వదలదు. రేషన్‌లో కిరోసిన్ ఇచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. నాలుగు రోజులకు అదే పోతుందిలే అనుకుని పులులన్నిటినీ బడికి తోలింది. సరిగ్గా ఆ రోజే తనిఖీ సారు దిగాడు.

ఇప్పుడు హాజరంతా ఫోన్‌లోనే. ముఖం పెడితే అది గుర్తుపట్టాలి. ఒక్క పులినీ అది గుర్తుపట్టలేదు.

"సారూ, ఈడు కురుమయ్య కొడుకు, గీమె నా మనుమరాలు. కండ్ల ముందల్నే ఉన్నరు గద, జర లెక్కబెట్టుండ్రి," అంది మెహబూబీ.

"నాకు కనపడితే ఏం లాభమమ్మా? ఫోన్‌ల పడాలె. పైకి పోయేది గదే."

ఆమె కొబ్బరినూనె తెచ్చింది, శనగపిండి తెచ్చింది, చివరికి గిన్నెలు తోమే పీచు కూడా తెచ్చింది. పిల్లలు ఏడ్చారు గానీ రంగు వదల్లేదు. ఫోన్‌లో లెక్క పది లోపే పడింది. సారు ఇంకో బడి చూడాలని వెళ్లిపోయాడు.

హెప్సిబా టీచరు జరిగిందంతా రాసి పైకి పంపింది. జవాబు రాలేదు. పిల్లల రంగు పోయిన కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. శ్రవణ్ కుమార్‌ను పట్నంలో ఒక పెద్ద బడికి వేశారు.

పోయేముందు ఆయన వంటగది దగ్గరికి వచ్చాడు. "నీ తప్పేం లేదు మెహబూబక్కా."

"ఎవరి తప్పో నాకు తెల్వదు సారూ. పానం మాత్రం అలిసిపోయింది."

మర్నాడు ఉజ్మా ఎవరూ లేపకముందే లేచి బడికి పోయింది. పొయ్యి ముట్టించడానికి మెహబూబీ వెళ్లేసరికి, శ్రవణ్ సారు గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. బట్టల సబ్బు పెట్టి రుద్దుకున్న బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ఒకచోట తోలు లేచింది.

"నానీ, ఇప్పుడు నా మొఖం మంచిగ కనపడుతుంది గద? శ్రవణ్ సారుకు ఫోన్ చేసి రమ్మను."