చుక్కల మందలో నీలిబావి

హుజూర్‌నగర్‌లో మార్కెట్‌కు పోయే దారిలో ఖాసింకు మోటార్ వైండింగ్ దుకాణం ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లను రైతులు ట్రాలీల్లో తెచ్చి పడేసిపోయేవారు. మాడిన తీగ లాగేసి కొత్త రాగితీగ చుట్టే పని ఎక్కువగా అతని కూతురు హనీఫాది. ఆమె చిన్నతనం మునుగోడు వైపు అమ్మమ్మ ఇంట్లో గడిచింది. అక్కడి బోరునీళ్ల ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి, బడికి పోయే వయసులోనే మోకాళ్లు వంకరపోయాయి. ముప్పై దాటేసరికి వెన్ను బిగుసుకుపోయింది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. తల్లి పోయాక ఇంట్లో తండ్రీ కూతుళ్లే మిగిలారు.

చేతులు తీగ చుడుతుంటే హనీఫా నోరు కథ చెప్పేది. ఎదురుగా పెట్టుకున్న ఫోను ఆ మాటలను అక్షరాలు చేసేది. దాన్ని ఒక తెలుగు కథల యాప్‌లో భాగాలు భాగాలుగా పెట్టేది. పేరు 'నీలిబావి'. పైన చుక్క నీరు లేని ఒక గ్రహం. నీళ్ల కోసం దాని నడిబొడ్డు దాకా బావి తవ్వుతున్న జనం. ఆ తవ్వకంలోనే పుట్టి, అందులోనే ముసలివాళ్లై పోతుంటారు. చదివేవాళ్లు కొద్దిమందే.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, ఒక ఎండాకాలం బీరన్న ఆ దుకాణానికి వచ్చాడు. కోస్గి దగ్గరి కురుమ యువకుడు, ఇంటర్ దాకా చదివాడు. అక్కడ మేత ఎండిపోగానే వాళ్లు గొర్లను తోలుకుని కృష్ణా కాలువల కింద వరి కోసిన పొలాలకు వస్తారు. ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటానని అడగడానికి వచ్చినవాడు, హనీఫా చెప్పేది విని గడపలోనే నిలబడిపోయాడు.

"అక్కా, గా బావి ఏ ఊర్ల ఉన్నది?"

"ఏ ఊర్ల లేదు. నా నోట్ల ఉన్నది."

"మరి నీళ్లు పడ్తయా?"

"జర ఆగు. ఇంకా తవ్వుతున్నరు," అంది హనీఫా.

మంద ఆ చుట్టుపక్కల ఉన్నన్నాళ్లూ అతను ఏదో వంకతో వచ్చి విన్నాడు. ఊరికి పోయాక తానూ ఒక కథ మొదలుపెట్టి అదే యాప్‌లో పెట్టాడు. 'చుక్కల మంద' అని పేరు. భూమ్మీద గడ్డి కరువై, గొర్లను ఓడలకెక్కించుకుని చుక్క నుంచి చుక్కకు మేత వెతుక్కుంటూ పోయే కాపర్ల కథ. ఓడ నడిపే ముసలామె అచ్చం అతని అవ్వ గుర్వమ్మలాగే మాట్లాడేది.

ఒక భాగంలో ఆ ఓడ చీకట్లో ఆగిపోయింది. పిల్లలు భయపడి ఏడుస్తున్నారు. ముసలామె వాళ్లను దగ్గరికి తీసుకుని, "నీలిబావి కథ చెప్త, రాండ్రి," అంది. అది చదివి హనీఫా తీగ కింద పెట్టేసి అతనికి ఫోన్ చేసింది.

"నా బావిని నీ ఓడలకు ఎట్ల తీస్కపోయినవ్ తమ్మీ?"

"కథలెక్క తీస్కపోయిన అక్కా. మా ఓడోళ్లకు అది ఉత్త కథనే."

ఆ తర్వాత హనీఫా కథలో తవ్వేవాళ్లు పని ఆపి రేడియో చుట్టూ చేరి 'చుక్కల మంద' వినసాగారు. తప్పిపోయిన గొర్రె దొరుకుతుందా లేదా అని కొట్లాడుకునేవారు. ఓడలో పిల్లలేమో బావిలో నీళ్లు పడతాయా లేదా అని పందేలు కాసేవారు. ఒకరి లోకం ఇంకొకరికి కథ. చదివేవాళ్లకూ అది బాగా నచ్చింది.

"రెండిట్ల ఏది నిజం బేటీ?" అని అడిగాడు ఖాసిం.

"వాళ్లకు వాళ్లది నిజం అబ్బా. మనకు రెండూ అబద్ధమే," అంది హనీఫా తండ్రితో. నవ్వితే పక్కటెముకలు నొప్పి పెట్టేవి. అయినా ఒక చెయ్యి అదిమిపెట్టుకుని నవ్వింది.

రెండేళ్లకు హైదరాబాదులో ఒక ఆడియో కంపెనీ 'చుక్కల మంద'ను నాటకంగా వినిపిస్తామని బీరన్నను పిలిచింది. ఒకటే షరతు. ఇంకొకరి కథ పేరు అందులో ఉండొద్దు, రేపు హక్కుల తగాదా వస్తే తమకెందుకు అన్నారు. బీరన్న ఆలోచించుకుని సరే అన్నాడు. హనీఫాకు మాత్రం చెప్పలేకపోయాడు. ఇయ్యాల చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే రోజులు గడిపాడు.

నాటకం మొదలైన రోజు హనీఫా తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని విన్నది. ఓడ ఆగింది, పిల్లలు ఏడ్చారు. ముసలామె, "ఏదన్న కథ చెప్త, రాండ్రి," అంది. అంతే. హనీఫా వెనక్కి జరిపి మళ్లీ విన్నది.

"మన బావి పేరు రాలేదేంది?" అన్నాడు ఖాసిం.

"తీసేసిండ్రు అబ్బా."

తర్వాతి ఎండాకాలం బీరన్న తలవంచుకుని వచ్చాడు.

"తీసేస్తే తీసేసినవ్. కంపెనీలోళ్ల సంగతి నాకు తెల్వదా?" అంది హనీఫా. "ఒక్క మాటన్న చెప్పకపోతివి. మా అబ్బను పక్కన కూసోవెట్టుకొని ఇన్న నేను."

"తప్పయింది అక్కా."

"సరే తీయ్. చాయ్ తాగి పో."

ఆమె తిట్టి ఉంటే అతనికి అంత బాధ ఉండేది కాదు. ఆ తర్వాత అతను ఫోన్ చార్జింగ్‌కు వేరే చోటికి పోయాడు. ఆమె కథ తెరవడానికీ మొహం చెల్లలేదు.

క్రమంగా హనీఫా వేళ్లకు పట్టు పోయింది. తీగ జారిపోతుంటే దుకాణానికి రావడం మానేసింది. వెన్నులో నరాలు నలిగిపోతున్నాయని, ఆపరేషన్ చేసినా నమ్మకం లేదని నల్గొండ దవాఖానలో చెప్పారు. కరోనా రెండో ఏడు వానాకాలంలో మామూలు జ్వరం, దగ్గే వచ్చాయి. బిగుసుకుపోయిన ఛాతీ ఆ కాస్త దగ్గుకు కూడా తట్టుకోలేకపోయింది. కబురు తెలిసి, బస్సులు మారి బీరన్న వచ్చేసరికి ఆమెను మట్టి చేయడం అయిపోయింది.

ఖాసిం కూతురి ఫోన్ అతని చేతికిచ్చాడు. "నాకు తెలుగు సదవరాదు బేటా. ఆఖరు భాగం ఒక రాత్రి ఇంట్ల కూసోని చెప్పింది. నేను ఇనలే. ఇనిపియ్యి."

అతను చాయ్ తాగి వెళ్లిపోయిన వారమే ఆమె పెట్టిన భాగం అది. బీరన్న చదివాడు. బావి అడుగున ఒక చిన్నపిల్ల అడుగుతుంది, "గా గొర్లోళ్లకు మనం తెలుసా తాతా?"

"ఎందుకు తెల్వదు?"

"మరి మన పేరు చెప్తలేరేంది?"

"మంద నడుస్తాంది బిడ్డా. నడిచేటోళ్లకు అన్నీ యాదికుంటయా? మనమైతే ఇందాం," అని ముసలాయన రేడియో శబ్దం పెంచుతాడు.

బీరన్న ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆపినవేంది? సదువు," అన్నాడు ఖాసిం.

చివరిదాకా చదివాడు. నీళ్లు పడలేదు. ఆ తర్వాత భాగమే లేదు.

బీరన్న హైదరాబాదు పోయి, ఒక్కసారైనా ఆ పేరు పెట్టండని కంపెనీని బతిమాలాడు. వాళ్లు వినలేదు. అతను రాయడం ఆపేస్తే ఇంకెవరితోనో రాయించుకున్నారు. నాటకం ఇప్పటికీ నడుస్తోంది. కథల యాప్ మాత్రం మూతపడింది. 'నీలిబావి' దానితోపాటే పోయింది. ఏ ముక్కా ఎవరి దగ్గరా మిగల్లేదు, హనీఫా ఫోన్‌లో కూడా.

ఖాసిం దుకాణం తీసేశాడు. ఎండాకాలం మందతో వచ్చినప్పుడల్లా బీరన్న ఆయన ఇంటికి పోతాడు. ఆయన 'నీలిబావి' మొదటి నుంచి చెప్పమంటాడు. బీరన్నకు ఏడాదికేడాది కొంత మరపు పడుతోంది. మరిచిపోయిన చోట తన మాటలు కలిపి ముందుకు పోతుంటే, ఖాసిం చెయ్యెత్తి ఆపుతాడు.

"గట్ల లేకుండె బేటా."

"మరెట్లుండె చాచా?"

ఖాసిం చాలాసేపు ఆలోచిస్తాడు. ఆయనకూ గుర్తు రాదు.