దిండులో కుట్టిన కాగితం

గుత్తిలో దూదేకుల అబ్దుల్ గఫూర్ దగ్గితే కోట మీది రాయి ఒకటి దొర్లి కింద పడుతుంది. సరే, రాయి మాట వదిలేయండి; ఎదురుగా బయమ్మ టీ అంగట్లో గ్లాసులు మాత్రం తప్పకుండా కదులుతాయి. పరుపులు కుట్టే గఫూర్ తన దగ్గుకు నలభై ఏళ్లుగా దూది ధూళినే తిడుతున్నాడు. ఈ ఏడు గొంతు బొంగురుపోయింది, చొక్కా వదులైంది, వేళ్ల కొసలు గుండ్రంగా ఉబ్బి సూది జారిపోతోంది. నెత్తురు మరక కనబడదని ఎర్ర తువ్వాలులోనే దగ్గుతాడు. రక్తంలో క్యాన్సర్ గుర్తు ఎక్కువగా ఉందని, అదొక్కటే చాలదు, ఊపిరితిత్తి ముక్క తీసి చూడాలని, తోడుగా ఒకరిని తీసుకురమ్మని డాక్టరు రిపోర్టు మీదే రాసిచ్చాడు. భార్య నూర్జాన్ పోయాక గఫూర్‌కు తోడెవరు? ఆ కాగితాన్ని తన దిండులో పెట్టి కుట్టేశాడు. అయితే ఆ రోజు ఒకే గుడ్డతో రెండు దిండ్లు కుట్టాడు. రెండోది బయమ్మది.

మూడో రోజు పొద్దున బయమ్మ ఆ కాగితంతో వచ్చింది. "ఏమన్నా, తలకింద గరగరమంటాంటే విప్పినా. తోడు రమ్మని రాసినాడు కదా, రేపు బస్సుకు నేనొస్తా, పద."

"పేరు బాగా చూడమ్మా. గుత్తిలో గఫూర్లు నలుగురుండారు."

"నలుగురూ నా దిండే కుట్టినారా? నలుగురికీ ఇదే దగ్గా?"

గఫూర్ ఎర్ర తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఎదురంగట్లో గ్లాసుల చప్పుడు ఆగేదాకా ఉండి, అన్నాడు:

"దగ్గా? నాకా? నేనెప్పుడు దగ్గినానమ్మా!"