పొగ తుపాకీకి పదికి పదకొండు

ఆ రోజుల్లో అభిప్రాయమనేది ఒక మనిషి నోటి నుంచి వచ్చేది. ఆ మనిషి మొహం చూసి, నమ్మాలో వద్దో తేల్చుకునే సదుపాయం వినేవాళ్లకు ఉండేది. ఇప్పుడు ఆ బాధ లేదు. నేను సభ్యుడిగా ఉన్న బొమ్మల పుస్తకాల వాట్సాప్ గుంపులో రెండు వందల మందిమి ఉన్నాం. పుస్తకం చదివి అభిప్రాయం చెప్పేవాళ్లు ముగ్గురు, మిగిలినవాళ్లం అట్ట చూసి చెబుతాం. పైగా కామిక్కు పేరు మార్చుకుని గ్రాఫిక్ నవల అయినప్పటి నుంచి దాని బరువు ఇటుక బరువుకు వచ్చింది. అందులో పేజీకొక మనిషి కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తుంటాడు, నూట యాభయ్యో పేజీలో వాన వెలుస్తుంది, అంతే కథ. దానికి మావాళ్లు "మనసును మెలిపెట్టింది" అని రాస్తారు. నేనూ రాస్తాను (నా మనసు ఆ సమయంలో మధ్యాహ్నపు నిద్రలో ఉంటుంది, అది వేరే సంగతి). మొన్న ఆ గుంపులో మా పేట కుర్రాడొకడు అడిగాడు: "సార్, మీరు జీవితంలో చదివిన కామిక్కులన్నిటిలోకీ గొప్పది ఏది?" ప్రశ్న చూడగానే జవాబు తట్టింది. చిక్కల్లా ఒక్కటే. ఆ పుస్తకాన్ని గొప్పదని తేల్చిన రోజున నేను దాన్ని చదవలేదు. అప్పటికి తెలుగు చదవడం నాకు రాదు.

మాది కోయంబత్తూరులో గాంధీపురం బస్టాండుకు నడిచిపోయే దూరంలో ఉన్న మూడు వీధుల పేట. మా పూర్వీకులు ఏ రాజు వెంట వచ్చారో, ఆయన ఎందుకు తిరిగి పిలవలేదో ఎవరికీ తెలియదు. వందల ఏళ్లుగా మేం తెలుగులో మాట్లాడుకుంటాం, తమిళంలో చదువుకుంటాం, ఇంగ్లీషులో ఉద్యోగాలకు దరఖాస్తు పెడతాం, కోపం వస్తే మూడూ కలిపి తిట్టుకుంటాం. తెలుగు అక్షరం మాత్రం మా పేటలో ఎవరి కంటా పడలేదు. ఎక్కడో ఉందని నమ్మకం, అంతే. అటువంటి చోట పదిహేనేళ్ల వయసులో నేను కామిక్కులకు న్యాయమూర్తిని. బస్టాండు పక్క కొట్లో తాడుకు క్లిప్పులతో వేలాడే తమిళ కామిక్కుల్లో ఏది కొనాలి, ఏది ఎవరి దగ్గర అడుక్కోవాలి, ఏది ముట్టుకుంటే పాపం అన్న తీర్పులన్నీ మా ఇంటి ముందరి తిన్నె మీదనే వెలువడేవి. "గుర్రం బాగుంది. దొంగ బాగున్నాడు. హీరో మరీ నీతులు చెప్పినాడు. పదికి నాలుగు." నా నోట ఆ మాట పడిందంటే ఆ పుస్తకం మేట్టుపాళయం దాకా అమ్ముడుపోయేది కాదని నా నమ్మకం (కొట్టువాడికి మాత్రం ఈ సంగతి చివరిదాకా తెలియలేదు).

ఇట్లా ఉండగా మా చిన్నాయన పంపుసెట్లు అమ్మడానికి గుంటూరు వైపు పోయి, తిరిగి వస్తూ ఒక ఆవకాయ జాడీ తెచ్చాడు. జాడీకి చుట్టిన కాగితం విప్పితే అది కాగితం కాదు, రంగు బొమ్మల పుస్తకం. పదహారు పేజీలు. అట్ట మీద సగం దాకా నూనె దిగి, మిగిలిన సగంలో గుండ్రటి అక్షరాలు, గిన్నెలు బోర్లించినట్టు. మా అవ్వ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "ఏమిరా కన్నూ, ఇది మన తెలుంగా?" అంది. "అవునవ్వా." "అప్పిడియా! మనం మాట్లాడేది ఇట్ల ఉంటుందా!" అని ఆశ్చర్యంతో ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తడిమింది. అప్పుడు తిన్నె మీద నా మిత్రుడు సోడాబుడ్డి ఉన్నాడు (కళ్లద్దాల మందం వల్ల వచ్చిన బిరుదు). వాడు మామూలు గొంతుతోనే అడిగాడు, "నీకు చదవను వస్తుందారా?" అని. న్యాయమూర్తిని పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అది? "రాకుండా ఎట్ల?" అన్నాను. ఆ రెండు ముక్కలకు నేను తర్వాత కట్టిన కప్పం ముందు ఏ సామంతరాజు కట్టిందీ లెక్కలోకి రాదు.

చదివాను. బొమ్మలు చూస్తూ, అక్షరాల మీద కళ్లు పరిగెత్తిస్తూ, మధ్యలో పెద్ద పండితుడిలా ఆగి గొంతు సవరించుకుంటూ చదివాను. మొదటి బొమ్మలో పచ్చటి చేనులో మొహానికి గుడ్డ కట్టుకున్న ఒక మనిషి, వీపున డబ్బా, చేతిలో గొట్టం, గొట్టంలోంచి పొగ. ఇంకేం కావాలి? "ముసుగు మనిషి తన పొగ తుపాకీతో అడవిలో అడుగుపెట్టినాడు!" రెండో బొమ్మలో ఏనుగంత పురుగు నోరు తెరుచుకుని ఉంది. అది పిచ్చి శాస్త్రవేత్త పెంచిన రాక్షసి. ఒక సీసా మీద పుర్రె, దాని కింద రెండెముకలు: రహస్య ముఠా గుర్తు. చెట్టు కింద కడుపు పట్టుకుని పడున్న మనిషి మొదటి శవం. కళ్లజోడు పెట్టుకుని బల్ల మీద ఏదో చూపిస్తున్న లావుపాటాయన పోలీసు ఇన్‌స్పెక్టరు. చివరి పేజీలో ముసుగు మనిషి ముసుగు తీసి, సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. దగ్గర నిలబడిన ఆడమనిషి నీళ్లు పోస్తోంది. "నెత్తురు పోయింది, గుర్తులు పోలేదు" అని ఆ ఆడమనిషి చేత అనిపించి పుస్తకం మూశాను. సోడాబుడ్డి అద్దాలు తుడుచుకున్నాడు. మా అవ్వ కళ్లు ఒత్తుకుని, "మన భాషలో ఇంత ఉందారా!" అంది. నేను పుస్తకం వెనక పెన్సిలుతో నా తీర్పు రాశాను: పదికి పదకొండు.

ఆ తర్వాత మూడు వీధుల వాళ్లూ వంతులు వేసుకుని వచ్చి విన్నారు. ప్రతిసారీ ఒక కొత్త శవం చేరేది, ఇన్‌స్పెక్టరుకు ఒక చెల్లెలు పుట్టేది. "మొన్న చదివినప్పుడు చెల్లెలు ఉండ్లేదే?" అని ఎవరైనా అడిగితే, "అచ్చు చిన్నదిగా ఉంది, మొన్న కంటికి ఆనలేదు" అనేవాణ్ని. మా అవ్వ కనబడిన ప్రతి ఒక్కరికీ చెప్పేది: "పేట మొత్తానికి తెలుంగు చదివేవాడు నా మనవడు ఒక్కడే." అది నిజం కాదని చెప్పగలిగే మనిషి నూరు మైళ్ల దూరంలో కూడా లేదు. ఆ ధైర్యం మీదనే నా కీర్తి నీలగిరి కొండలంత పెరిగింది.

ఆ మనిషి పెళ్లి చేసుకుని మా ఇంటికే వచ్చింది. చిన్నాయన పంపుసెట్ల తిరుగుళ్లలోనే కుదిర్చిన సంబంధం. మా అన్నకు గుంటూరు వైపు పిల్ల, తెలుగులో బీయే. మా వదిన. ఇంట్లో అడుగుపెట్టి పదిహేను రోజులు కాలేదు, ఇంకా అందరినీ 'అండీ' అంటూ, సాంబారు చూసి జంకుతూ ఉంది. ఒక సాయంత్రం తిన్నె నిండా జనం ఉండగా మా అవ్వ పుస్తకం తెప్పించి ఆమె చేతిలో పెట్టింది. "అమ్మాయీ, తెలుంగులో బీయే అంటివే. మావాడు చదివిన కత నీ నోట కూడా ఒకసారి వింటాం." నాకు అప్పుడే కడుపునొప్పి వచ్చింది, ఆ చెట్టు కింద మనిషికి వచ్చినట్టు. వదిన అట్ట చూసింది, ఎందుకో నావంక చూసింది, చదివింది.

"పత్తిలో కాయతొలుచు పురుగు నివారణ. రైతు సోదరులారా! మందు చల్లేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. గాలికి ఎదురు నిలబడి చల్లకండి..."

తిన్నె మీద గుసగుసలు. "అక్కా, ముసుగు మనిషి యాడ?" అన్నాడు సోడాబుడ్డి. "ముసుగు మనిషెవరు? ఈయన రైతు." "చెట్టు కింద శవం?" "శవమేమిటి? గుడ్డ కట్టుకోకుండా మందు కొట్టాడు, వాంతులవుతున్నాయి." "ఇన్‌స్పెక్టరు చెల్లెలు?" "ఏ ఇన్‌స్పెక్టరు?" వదిన అయోమయంగా పేజీలు తిప్పుతుంటే, తిన్నె మొత్తం ఆమెను జాలిగా చూసింది. మా అవ్వ కాలంలో పత్తికి బూడిద చల్లడమే గాని ఈ డబ్బాలూ గొట్టాలూ లేవు; మిగతావాళ్లం ఇనుము కోసే లేతు మిషన్ల మధ్య పుట్టినవాళ్లం. బొమ్మ చూసి కనిపెట్టే నాథుడు లేడు. "పోదుంమా, పోదుం, చదివింది చాలు," అంది అవ్వ, పుస్తకం వెనక్కు తీసుకుంటూ. "బీయే అంటే పరీచ్చలో రాసేదిలే. చదివేది వేరే. సుమ్మా, ఊరికే దిగులుపడొద్దు."

నేను? సత్యం కోసం లేచి నిలబడి ఉంటానని మీరు అనుకుంటే నా గురించి మీకున్న మంచి అభిప్రాయానికి నా నమస్కారం. నేను కాఫీకని లోపలికి పోయాను.

అక్కడితో ఆగితే బాగుండేది. రెండో రోజున మా నాయన చిన్నాయనను పిలిచి, "పిల్ల బీయే అని చెప్తివే, సర్టిఫికెట్టు నువ్వు కంటితో చూస్తివా?" అని అడిగాడు. మూడో రోజున మా అన్న, కొత్త పెళ్లికొడుకు, వదినను గదిలో మెల్లిగా అడగడం గోడ అవతల నాకు వినబడింది: "నిజం చెప్పు, నేనేమీ అనుకోను. నువ్వు ఎన్నో క్లాసు?" దానికి వదిన ఏం చెప్పిందో వినబడలేదు. ముక్కు చీదడం వినబడింది. నాలుగో రోజున చిన్నాయన గుంటూరుకు మనిషిని పంపుతానన్నాడు. కాయతొలుచు పురుగు నన్నే తొలుస్తోందని అప్పుడు తెలిసింది. నేరుగా పోయి అవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, నాకు తెలుంగు చదవను రాదు. వదిన చదివిందే నిజం. నేను చెప్పిందంతా బొమ్మ చూసి కట్టిన కత."

అవ్వ వక్క నమలడం ఆపింది. తర్వాత నా తల నిమిరి, ఇల్లంతా వినబడేలా అరిచింది: "చూస్తిరా నా మనవణ్ని! వదిన పరువు నిలబెట్టేదానికి తన చదువును తానే లేదంటా ఉండాడు! ఎవురికి వస్తుంది ఈ గుణం?" ఇంట్లో వాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చి నన్ను చూశారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. నిజంగా రాదని నేను ప్రమాణం చేశాను. ప్రమాణం చేసేకొద్దీ నా గుణం పెరిగింది. చివరికి అవ్వ తీర్పు చెప్పింది: "గుంటూరుకు మనిషి గినిషి వద్దు. రేపటి నుంచి దినమూ ఒక గంట నువ్వే మీ వదినకు తెలుంగు చదువు నేర్పించు." గుమ్మం వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపనుకున్నాను. వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

మర్నాడు పలక, బలపంతో గదిలోకి పోయాను. వదిన తలుపు వేసి నా ఎదుట కూర్చుంది. "రండి మాస్టారూ. ఏం నేర్పిస్తారు?" "వదినా, మన్నించు." "మన్నింపులు తర్వాత. ఇది 'అ'. యాభై సార్లు దిద్దు." "యాభయ్యా?" "శవాలు ఎన్ని వేశావు?" "తొమ్మిది." "అయితే నూరు." బయట వరండాలో అవ్వ వచ్చేపోయేవాళ్లతో చెప్పేది: "గట్టిగా మాట్లాడొద్దండి, లోపల మావాడు పాఠం చెప్తా ఉండాడు." లోపల మావాడి చెవి వదిన వేళ్ల మధ్య ఉండేది. గుణింతాల దగ్గర రెండుసార్లు, వత్తుల దగ్గర లెక్కలేనన్నిసార్లు నేను పేట వదిలి మేట్టుపాళయం రైలెక్కి కొండల్లోకి పారిపోవాలనుకున్నాను. 'క్ష' చూసిన రోజున జ్వరం వచ్చింది (ఇది అతిశయోక్తి కాదు, అమ్మ కషాయం కాచింది).

రెండు నెలలకు వచ్చింది చదువు. వచ్చాక, వదిన గౌరవం కోసం, ఒక సాయంత్రం తిన్నె నిండా జనం ఉండగా నేనే ఆ పుస్తకం తెరిచి, జీవితంలో మొదటిసారి నిజంగా చదివాను. "ప... పత్తిలో... కా... కాయ... కాయతొలుచు..." చెమటలు కారాయి. ఒక్కొక్క వత్తునూ బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పది నిమిషాలకు రెండో పేజీ తిప్పి, తల ఎత్తి చూశాను. సోడాబుడ్డి నేల చూస్తున్నాడు. మా అవ్వ మొహం నల్లబడింది.

"ఐయో పాపమే," అంది. "ఎంత బాగా చదువుతా ఉంటివిరా. ఇంకొకరికి నేర్పించి నేర్పించి నీ చదువే పాయెనే."

అప్పుడు వదిన వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఇటివ్వు మరిదీ" అని పుస్తకం తీసుకుని, పేజీ మీద కళ్లు ఆనించి, ఎక్కడా తడబడకుండా చదివింది: "ముసుగు మనిషి చావలేదు! పొగ విడిపోయేసరికి చేనులో అతని భార్య ఒక్కతే నిలబడి ఉంది. ఆమె చేతిలో రెండో తుపాకీ..." ఆ ముసుగు మనిషికి భార్య ఉండొచ్చన్న ఆలోచన తొమ్మిది శవాలు వేసిన కాలంలో నాకు ఒక్కసారీ రాలేదు. చివర్లో చేతులు కడుక్కునే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి, నీళ్లు పోస్తున్నదీ, అసలు ముఠా నాయకురాలూ ఆమేనని తేలింది. తిన్నె గోలెత్తిపోయింది. అవ్వ వదిన బుగ్గలు పుణికి, మెటికలు విరిచింది. "ఇప్పుడు వచ్చింది చూడు చదువు! రెండు నెల్లకే! బీయేలో వీళ్లు ఏం నేర్పించినారో గాని." మా నాయన సర్టిఫికెట్టు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు నుంచి తిన్నె మీద చదివేది వదిన. నేను కింద కూర్చుని వినేవాణ్ని, అక్షరాలన్నీ వచ్చినవాణ్ని.

ఇప్పుడు అవ్వ లేదు. వదినకు మోకాళ్ల నొప్పులు, మనవలకు ముసుగు మనిషి ఏ నలభయ్యో భాగమో చెబుతోందని విన్నాను. పుస్తకం నా దగ్గర ఉంది. ఆవకాయ నూనె మరక ఇంకా చెదరలేదు, వెనక పెన్సిలు తీర్పు కొంచెం వెలిసింది. అప్పుడప్పుడు తెరుస్తుంటాను. ఎంత కళ్లు చికిలించి చూసినా ముసుగు మనిషి కనబడడు. గాలివాటం చూసుకుని మందు కొట్టుకుంటున్న ఒక బుద్ధిమంతుడైన రైతు కనబడతాడు. అక్షరాలు అడ్డం వస్తాయి. చెరిపేద్దామంటే వదిన నా చేత నూరేసి సార్లు దిద్దించింది కదా.

గుంపులో ఆ కుర్రాడికి జవాబు రాశాను: "పుస్తకం మా ఇంట్లో ఉంది, వచ్చి తీసుకుపో తంబీ. తెలుగు చదవడం వచ్చా?"

"రాదు సార్" అని వచ్చింది.

అదృష్టవంతుడు. ఒక నవ్వు బొమ్మ పంపాను, కొంచెం అసూయతో.