రెండు వందల తీగ

మొన్న మా వీధిలో కొత్త మీటర్లు బిగించడానికి వచ్చిన లైన్‌మను, చేతిలోని చిన్న మిషను చూసి, "రెండు వందల ముప్పై ఎనిమిది వోల్టులు ఉండాది సారూ, ఇప్పుడు మీ ఊరి కరెంటూ బెంగుళూరు కరెంటూ ఒకటే" అని నవ్వుతూ చెప్పినాడు. పాపం, నన్ను సంతోషపెడదామనే చెప్పినాడు. నాకు మాత్రం ఆ అంకె చెవిన పడగానే కుర్చీ లాక్కుని కూర్చోవలసి వచ్చింది. మా ఇంటామెకు సంగతి తెలుసు కాబట్టి ఏమీ అడగకుండా మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టి లోపలికి పోయింది.

వాల్వు రేడియో ముందు కూర్చుని, అది వేడెక్కి గొంతు విప్పేదాకా ఓపిక పట్టిన వయసు వాళ్లు మీలో చాలామందే ఉంటారు, వాళ్లకు నేను చెప్పేది తొందరగా అర్థమవుతుంది. నేను గుమ్మఘట్ట దగ్గరి హైస్కూల్లో ముప్పై ఏండ్లు సైన్సు చెప్పినవాణ్ని. రిటైరైనప్పుడు తోటి అయ్యవార్లు ఇండ్ల మీద ఇంకో మిద్దె వేయించుకుంటుంటే, నేను బెంగుళూరు పోయి, ఒక పెద్దాయన వాడి అమ్ముతున్న విదేశీ వాల్వు ఆంప్లిఫయరు తెచ్చుకున్నాను. ఇంటామె నాతో పది దినాలు మాట్లాడలేదు. పదకొండో దినం తానే తుడిచే గుడ్డ తెచ్చి, అంత సొమ్ము పోసి కొన్నదానికి దుమ్ము పట్టనిస్తారా అని నన్నే తిట్టింది.

దాన్ని పదేండ్లు విన్నాను. తర్వాత నడుము పట్టేసింది, దాన్ని జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఎండాకాలంలో దాని పక్కన కూర్చోవడమంటే కుంపటి పక్కన కూర్చోవడమే. ఇక అమ్మేద్దామని మనసు గట్టి చేసుకున్నాను. మా పాటల పిచ్చివాళ్లకు ఫోనులో ఒక గుంపు ఉండేది, ఎవరి సామాను వాళ్లు అందులో ఫోటో తీసి పెట్టేవాళ్లు. మాలో ఒక కట్టుబాటు ఉండేది. కొనేవాడు అమ్మేవాడి ఇంటికి వచ్చి, భోజనం చేసి, కూర్చుని వినాలి. అమ్మేవాడు తన సామానులో ఉన్న లోపాలన్నీ సొంత చేత్తో కాగితం మీద రాసి సామానుతో పాటు ఇవ్వాలి. ఆ కాగితంలో ఒక్కటి దాచినాడని తెలిస్తే అతని మొహం మళ్లీ ఎవరూ చూడరు.

సోమందేపల్లె తమ్ముడు కొంటానన్నాడు. సొంత తమ్ముడు కాదు, గుంపులో కలిసినవాడు, హైవే పక్క ఫ్యాక్టరీలో పని, ఆదివారం వాళ్ల చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. కారు మాట్లాడుకుని పొద్దున్నే వచ్చినాడు. మధ్యాహ్నం రెండు దాకా విన్నాడు, ఒక పాటకు కళ్లు తుడుచుకున్నాడు, ఫోనులో వీడియోల మీద వీడియోలు తీసుకున్నాడు. నేను రాసిచ్చిన కాగితం చదివి, మూలన ఉన్న గీత కూడా రాసినావే అన్నా అని నవ్వినాడు. సాయంత్రం వాళ్లమ్మకు కీర్తనలు వినిపించాలనీ, స్నేహితులను పిలిచినాననీ, ఏడేండ్ల కూతురు పొద్దుట్నుంచి ఎదురుచూస్తోందనీ చెప్పి పోయినాడు. నిజం చెప్తున్నాను, ఆ కాగితం ఇచ్చినప్పుడు నా అంత నిజాయితీపరుడు జిల్లాలో లేడనుకున్నాను.

మూడున్నరకు తోటల్లో బోరు మోటార్లు ఆగిపోయినాయి. అవి ఆగగానే మా ఇండ్లలో కరెంటు ఒక్కసారి పొంగుతుంది. ఫ్యాను గిర్రున తిరిగింది, అలవాటు ప్రకారం నేను లేచి ఆంప్లిఫయరు ఆపేద్దామని చెయ్యి చాపినాను. అక్కడ ఖాళీ బల్ల ఉంది. ఎందుకు ఆపాలనుకున్నాను అని ఒక్క క్షణం ఆలోచించినాను చూడండి, అప్పుడు గుర్తొచ్చింది దాని లోపలి తీగ సంగతి.

మా దిక్కు నీళ్లు ఎంత లోతుకు పోతే మోటార్లు అంత పెద్దవైనాయి. అవన్నీ తిరిగేటప్పుడు ఇంట్లో బల్బు గుడ్డిదీపమయ్యేది, వాల్వులు సరిగ్గా వెలిగేవి కావు. అందుకని కొన్న కొత్తలోనే దాని అడుగు మూత విప్పి, ట్రాన్స్‌ఫార్మరుకు రెండు వందల నలభై వోల్టుల దగ్గరున్న తీగను ఊడదీసి రెండు వందల దగ్గర అతికినాను. తక్కువ కరెంటుకు అది సరిపోయింది. మోటార్లు ఆగి కరెంటు పొంగినప్పుడు లోపలి ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, దాని చోట ఇంటి ఫ్యూజుకు కట్టే రాగితీగ నాలుగు పోగులు చుట్టినాను. మోటార్లు ఆగగానే స్విచ్చి ఆపేసేవాణ్ని. పదేండ్లు అట్లే నడిచింది, అది లోపమన్న సంగతే నా బుర్రలోంచి పోయింది. మూలన గీత రాసినాను, ఇది రాయలేదు.

సోమందేపల్లెలో ఫ్యాక్టరీల లైను, రోజంతా నిండు కరెంటు. అందులో పెడితే లోపలికి పోవలసినదానికంటే చాలా ఎక్కువ పోతుంది, కండెన్సర్లు పేలవచ్చు, ట్రాన్స్‌ఫార్మరు అంటుకోవచ్చు, కాపాడాల్సిన ఫ్యూజును నా చేత్తో నేనే చంపి పెట్టినాను. ఆ పాప దాని ముందే కూర్చుంటుంది.

ఫోను చేసినాను. స్విచ్ఛాఫ్. వీడియోలు తీసి తీసి చార్జింగు అయిపోయుంటుంది. వాళ్ల ఇంట్లో ఇంకొకరి నంబరు నా దగ్గర లేదు. గుంపులో పెడదామని రెండు సార్లు రాసి రెండు సార్లూ చెరిపేసినాను, ఎందుకంటే అందరూ చదువుతారు. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చివరికి కళ్లు మూసుకుని 'దాన్ని ఆన్ చెయ్యొద్దు' అని ఒక్క ముక్క పెట్టినాను, అది చూడవలసినవాడు తప్ప అందరూ చూసినారు.

పక్క వీధిలో మా బావమరిదికి ఒక పాత జీపు ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయి, ముందు జీపు తియ్యి, దారిలో చెప్తానన్నాను. నా మొహం చూసి వాడు వెంటనే తాళాలు తీసుకున్నాడు. కళ్యాణదుర్గం దాటినాక సంగతి చెప్పినాను. దారికి రెండు పక్కలా ఎండిన శెనక్కాయ చేన్లు, దూరంగా తిరిగే గాలిమరలు, నా కంటికి ఏదీ ఆనలేదు. ఇప్పుడు ప్లగ్గు పెట్టింటాడు, ఇప్పుడు వాళ్లమ్మ ఏ కీర్తన వేయమనింటుంది, ఇప్పుడు పాప ఆ ఎర్రటి వెలుగు చూడడానికి ముందుకు వంగింటుంది, అని లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. గొర్రెల మంద అడ్డమొచ్చి నిలబడితే దిగి నేనే అదిలించినాను, గొర్రెల కాపరి నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసినాడు. ఉన్నది చెప్పాలా, స్క్రూ ఒకటి బిగించడం మర్చిపోయినానని చెప్పి లోపల సరిచేసి వచ్చేయాలా, అన్న ఆలోచన కూడా వచ్చింది. బావమరిదితో అంటే, "ముందు ఇల్లు ఉండాదో లేదో చూద్దాం పా" అన్నాడు. వాడికి మెత్తగా మాట్లాడడం ఎప్పుడూ రాదు.

పొద్దు గుంకే వేళకు చేరి, చర్చి దగ్గర వాళ్ల ఇల్లు ఎక్కడని అడిగి పోయినాము. వీధి మొదట్లోనే పాట వినిపించింది, ఆ పాట విని నేను ఏడ్చినంత పని చేసినాను. ఇల్లు నిలబడే ఉంది. లోపల పది మంది కింద చాప మీద కూర్చున్నారు, వాళ్లమ్మ కుర్చీలో చేతులు జోడించుకుని ఉంది, పాప ఆంప్లిఫయరుకు మూరెడు దూరంలో మఠం వేసుకుని కూర్చుంది. తమ్ముడు నన్ను చూసి సంబరంతో లేచినాడు, నేనూ వినడానికే వచ్చినాననుకున్నాడు. నేను ఆయాసపడుతూ పోయి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి చెవి పెట్టి విన్నాను. పాట తప్ప ఇంకేమీ లేదు. శుభ్రంగా పాడుతోంది. అమ్మయ్య అనుకున్నాను. ఏమీ కాలేదు కదా, పాట అయిపోనీ, ఆ స్క్రూ మాటే చెప్పుకుందాం, పరువు దక్కుతుంది అనుకున్నాను.

అప్పుడు పాప నా చొక్కా పట్టి లాగి, "పెద్దనాయనా, ఇది ఇందాకట్నుంచి సుయ్యిమంటాండాది. చెప్తే ఎవురూ వినలే" అనింది.

నాకేమీ వినపడలేదు. తమ్ముడి మొహం చూసినాను. "అవునన్నా, సన్నగా వస్తాండాది. వాల్వులు కదా, ఇట్లే ఉంటాదేమో అనుకుంటిమి, నువ్వు కాగితంలో ఏం రాయలేదు గదా" అన్నాడు. పాపను ఒక చేత్తో వెనక్కు లాగి ఇంకో చేత్తో గోడకున్న ప్లగ్గు పీకేసినాను. పాట తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, అంతమంది ముందర, తీగ సంగతీ, ఫ్యూజు సంగతీ, చివరికి స్క్రూ అబద్ధం సంగతి కూడా చెప్పేసినాను.

చల్లారినాక అడుగు మూత విప్పితే పెద్ద కండెన్సరు నెత్తి పూరీ మాదిరి ఉబ్బి ఉంది, పక్కన చిట్లి తడి కారుతోంది. దాంట్లోంచి ఆవిరి తన్నుకొస్తున్న చప్పుడే పాప విన్నది. తమ్ముడు దాన్ని చూసినాడు, కూతుర్ని చూసినాడు. వాళ్లమ్మే, అంత దూరం పరిగెత్తుకొచ్చినాడు గదా, ముందు నీళ్లియ్యండి అనింది. తర్వాత దాన్ని బాగుచేయించి ఇచ్చినాను, తమ్ముడు దాన్నే ఉంచుకున్నాడు. గుంపులో నేనే ఉన్నదున్నట్టు రాసినాను. తిట్టినవాళ్లు తిట్టినారు, కొందరు ఇప్పటికీ మాట్లాడరు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో బావమరిది, ఇంక భయం లేదులే బావా అన్నాడు. నాకు అసలు భయం అప్పుడే మొదలైంది. చెవి ఆనించి మరీ విన్నాను కదా, అంత దగ్గర్నుంచి, అది ఎందుకు వినపడలేదు? అనంతపురంలో చెవుల డాక్టరు, సన్నటి శబ్దాలు మీకు పోయి చాలా ఏండ్లైంది సార్, మెల్లగా పోయినందువల్ల మీకు తెలియలేదు అన్నాడు. అంటే ఆ ఆంప్లిఫయరు ముందు కూర్చుని ఆహా ఓహో అన్న ఆఖరి ఏండ్లన్నీ నేను విన్నది సగం పాటే.

ఇప్పుడు కరెంటు నిలకడగా ఉంది, ఎంత ఖరీదైన సెట్టునైనా దిగులు లేకుండా పెట్టుకోవచ్చు. వినే పద్ధతే మారిపోయింది, ఎవరి చెవుల్లో వాళ్లు బిరడాలు పెట్టుకుని వింటున్నారు, ఒకరింట్లో చేరి భోంచేసి వినేవాళ్లు లేరు. నేను పాటలు వినడం మానలేదు, మిగిలింది వింటున్నాను. కాని రోజూ గ్యాసు పొయ్యి ఆపినాక వంటింట్లో నిలబడి, ఏమన్నా సుయ్యిమంటాందా అని ఇంటామెను అడుగుతాను. ఆమె చేతిలో పని ఆపి, కాసేపు చెవి పెట్టి, లేదంటుంది. ఆమెకు నాకంటే నాలుగేండ్లే చిన్న వయసు.