ముడి వేయని దండ

మా టూటూ మిలియామా తన తమ్ముడి కోసం గుచ్చే దేవగన్నేరు దండకు ఎప్పుడూ ముడి వేయదు. మా దీవుల్లో అమ్మమ్మను టూటూ అంటాం. కొరియా యుద్ధంలో తప్పిపోయిన ఆ తమ్ముడు హనలే ఇంకా దారిలోనే ఉన్నాడని ఆమె లెక్క. ముడి ఇల్లు చేరినవాళ్ళకే. ప్రతి ఏడూ మే నెలాఖరున పంచ్‌బౌల్ కొండ మీది సైనిక శ్మశానానికి వెళ్ళి, తప్పిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన గోడ కింద ఆ దండను చాచి పెడుతుంది. చూపు పోయినా హనలే పేరును తానే తడిమి పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి కర్మాగారంలో అనాస పండ్లు కోసిన వేళ్ళవి.

ఈసారి బయలుదేరాలంటే నాకు భయమేసింది. హనలే ఎముకలు దొరికాయని సైన్యం వాళ్ళు కిమో మామయ్యకు ఫోన్ చేశారు. దొరికినవాళ్ళ పేరు పక్కన చిన్న కంచు పువ్వు బిగిస్తారు. అది ఇప్పటికే బిగించారో లేదో మాకు తెలియదు.

"డాక్టరు చూసేదాకా అమ్మకు చెప్పొద్దు. ఆ గుండె తట్టుకోలేదు," అన్నాడు మామయ్య. "గోడ దగ్గర అమ్మ చెయ్యి నువ్వే పట్టుకో. పువ్వు తగలకుండా పక్క పేరు మీద పెట్టు."

కారులో కూర్చున్నాక టూటూ ఒళ్ళోని దండను చూశాను. దానికి ముడి ఉంది. పొద్దున ఆమె బదులు నేను గుచ్చి, ముడి వేయకుండా బల్ల మీద ఉంచిన దండను కారులోకి తెచ్చింది మామయ్యే. తెలిసిన సంగతిని నోట్లో దాచుకున్నాడు గానీ చేతుల్లో దాచుకోలేకపోయాడు.

ఆమె వేళ్ళు పువ్వు మీంచి పువ్వుకు జరుగుతున్నాయి.

"టూటూ, ముసుబి అన్నంముద్ద ఒకటి తింటావా?"

"ఇప్పుడేగా తిన్నాను. పండక్కి పందిని మేపినట్టు మేపుతావేమే?"

వేళ్ళు ముడి దగ్గర ఆగాయి.

"కిమో, నువ్వేనా కట్టింది?"

"జారిపోతుందేమోనని, అమ్మా..."

"ఇన్నేళ్ళు జారనిది ఇవాళే జారుతుందా? అబద్ధమాడటం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు."

దారి పొడుగునా ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను.

గోడ దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను. పక్క పేరు మీద పెట్టడానికి మనసొప్పలేదు. వదిలేశాను. వేళ్ళు హనలే పేరు చివరిదాకా వెళ్ళి, చల్లని కంచు పువ్వును తాకాయి. ఆమె తూలింది. ఇద్దరం చెరోపక్కా పట్టుకున్నాం.

"వదలండి, పడను. వాణ్ణి ఎక్కడ పెడతారు?"

"ఇక్కడేనమ్మా, ఈ కొండ మీదే. వచ్చే నెల," అన్నాడు మామయ్య.

ఆమె దండను మళ్ళీ తడిమింది.

"వదులుగా కట్టావురా," అంటూ ముడిని తానే బిగించి, గోడ కింద పెట్టింది.

ఇల్లు చేరేదాకా నేను ఆమె మణికట్టు వదల్లేదు. నాడి కొట్టుకుంటూనే ఉంది.