వరి మడిలో రివర్సు

కర్ణాటకలోని మాన్వి తాలూకాలో, కాలువ చిట్టచివర ఆంధ్ర రైతులు వచ్చి స్థిరపడ్డ క్యాంపులో శివాజీ కుటుంబానికి నాలుగెకరాల వరిపొలం ఉంది. అతని తాత కోస్తా నుంచి వచ్చి కొన్న నేల అది. పైవాళ్లు వాడుకోగా మిగిలిన నీరే వాళ్లకు అందుతుంది. వరుసగా రెండేళ్లు అదీ అందలేదు. శక్తినగర్ విద్యుత్ కేంద్రం నుంచి సిమెంటు కర్మాగారాలకు బూడిద మోసే ట్యాంకర్ల మీద డ్రైవరుగా చేరడమొక్కటే శివాజీకి మిగిలిన దారి. అందుకోసం హెవీ లైసెన్సు తీసుకున్నాడు.

రాయచూరు వాడైన అమరేశ్ పూర్వం ఆ ట్యాంకర్లే నడిపాడు. "లైసెన్సు అందరికాడ ఉంటది తమ్మీ," అన్నాడతను. "బూడిద నింపే గోపురం కింద బండిని రివర్సుల పెట్టాలె. అది రాకుంటే సేటు సీట్ల కూసోనియ్యడు."

శివాజీ పద్ధతిగా సాధన మొదలుపెట్టాడు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, ఎండిన మడిలో రెండు వరుసలుగా వెదురు కర్రలు పాతి, అడ్డమొచ్చిన గట్లను చదును చేశాడు. వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు ఒకవైపు తిప్పితే ట్రాలీ మరోవైపు పోతుంది. కర్ర పడిన ప్రతిసారీ దిగి, ఎక్కడ తప్పిందో చూసి, దారి మొత్తం కాక ఆ ఒక్క మలుపునే మళ్లీ మళ్లీ నడిపేవాడు. తల తిప్పి చూసే అలవాటు పోవడానికి పాత మోటారుసైకిలు అద్దం బిగించి, మెడకు తువ్వాలు గట్టిగా చుట్టుకున్నాడు.

"వరి నాటాల్సిన చోట కర్రలు నాటావు. కోతకెప్పుడొస్తాయిరా?" అనేవాడు తండ్రి పున్నయ్య.

"కొయ్యక్కర్లేదు నాన్నా, పడకుండా నిలబడితే చాలు."

మలుపు చేతికొచ్చిన వారంలోనే కాలువకు నీరొచ్చింది. పున్నయ్య పార పట్టుకొని మడిలోకి దిగాడు.

"గట్లు వేద్దాం రా. ఈసారి పంటయ్యేదాకా వదులుతారంట. దమ్ముకి మన వంతు ఈ వారమే."

"సోమవారం ట్రయలు. ఇప్పుడాపితే చెయ్యి తప్పుద్ది."

"వంతు పోతే మళ్లీ రాదురా!"

"ఉద్యోగం మాత్రం మళ్లీ వస్తుందా?"

పున్నయ్య ఒక్కడే ఒక గట్టు సగం వేశాడు. నడుము అంతకు మించి సహకరించలేదు. మడిలోకి వచ్చే తూము మూసే ఉండిపోయింది, నీరు పక్క పొలాలకు పోయింది. ఆ వారమంతా శివాజీ ఒక్క కర్రనూ పడగొట్టలేదు.

సోమవారం ట్యాంకర్ల యజమాని మహదేవప్ప అతని పక్కన కూర్చొని గోపురం దాకా బండి నడిపించాడు. అక్కడ శివాజీ అద్దం సరిచూసుకొని బండిని వెనక్కి మళ్లించబోయాడు.

"ఏంది, ఎటు తిప్పుతున్నవ్?"

"రివర్సులో పెడతానండీ."

"రివర్సు ఎందుకయ్యా! అది అమరేశ్ కాలంల. అవతల ఇంకో గేటు పెట్టి శానా ఏండ్లాయె. గిట్ల పో, నింపుకో, గట్ల బయటపడు." వెనక వరుసలో ఎవరో హారను మోగించారు. "నడుపు, నడుపు. రేపట్నించి రా. నిద్రొస్తున్నదని మాత్రం ఫోన్ చెయ్యకు."

సాధనలో లోపం లేదు. ఆ చోటును ముందుగా చూసి ఉంటే సరిపోయేది, కాని పాసు లేనివాణ్ణి విద్యుత్ కేంద్రం గేటు దాటనివ్వరు.

శివాజీ ఇల్లు చేరేసరికి పున్నయ్య నడుము నొప్పితోనే పక్క పొలంలో కూలికి నారుకట్టలు మోసి వచ్చి మంచం మీద వాలి ఉన్నాడు.

"ఇచ్చారా?"

"ఇచ్చారు."

"రివర్సు చూసి ఏమన్నారు?"

శివాజీ చెప్పులు విడుస్తూ, "బాగుందన్నారు," అన్నాడు.

"అనరూ మరి," అన్నాడు పున్నయ్య, గోడవైపు తిరిగి పడుకుంటూ. "ఓ పంట పోగొట్టుకుని నేర్చావు."